నివురు గప్పిన వెలుగు

మా చిన్నప్పుడు చల్లపల్లిలో, మా నాయనమ్మ ఇంట్లో, పెరటి వసారా చివర ఒక దాలిగుంట ఉండేది. ఈ కాలం పిల్లలకి దాలి అంటే ఏమిటో చెప్పుకోవాలి కాబోలు. నేలలో తవ్విన చిన్న గుంట. అందులో పిడకలు పేర్చి, పైన ఊక పోసి, నిప్పు రాజేసి, పాలకుండ దింపి మూత పెట్టేవారు. మంట కనిపించదు. కాసేపటికి పొగ కూడా సద్దుమణుగుతుంది. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, పైన రొట్టెలాంటి మీగడ కట్టి ఉండేవి. ఆ మీగడ కోసం మేం పిల్లలం చేసుకున్న యుద్ధాలు మహాభారతంలో కూడా ఉండవు.

నాకు ఆరేళ్ళప్పుడు, ఆ గుంటలో తెల్లగా, మెత్తగా, ముద్దొస్తూ కనిపించిన బూడిదలో వేళ్ళు పెట్టాను. ఆ తరవాత ఇల్లెగిరిపోయేటట్టు ఏడ్చాననుకోండి. నాయనమ్మ పరుగున వచ్చి వెన్న రాస్తూ, "మంట లేకపోతే నిప్పు లేదనుకున్నావుటే పిచ్చిపిల్లా!" అంది. ఏడుపు తగ్గాక నా చెయ్యి పట్టుకుని, బూడిదకి జానెడెత్తున అరచేతిని ఎలా చాపాలో చూపించింది. "దాల్ని కంటితో చూడకూడదే, చేత్తో చూడాలి" అంది. నివురు గప్పిన నిప్పు అనే మాటకి అర్థం నాకు నిఘంటువుతో పని లేకుండానే తెలిసిపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన సంక్రాంతికి చల్లపల్లి వెళ్ళాను. విజయవాడలో బస్సెక్కి, పామర్రు, కూచిపూడి దాటి, మధ్యాహ్నం భోజనాల వేళకి చేరాను. మా పెదనాన్నకి ఎనభై ఆరేళ్ళు. అరిసెలు తినడం పూర్తయిందో లేదో, బీరువాలోంచి ఒక లావుపాటి నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. వంశచరిత్ర! పదేళ్ళుగా రాస్తున్నాడట.

"నువ్వు నవలలు రాసేదానివి కదమ్మా, భాష కాస్త సరిచేసి పెట్టు. అచ్చు వేయించి అందరికీ పంచుదాం" అన్నాడు.

మహదానందంగా చదవడం మొదలుపెట్టాను. జమీందారుగారి కచేరీలో లెక్కలు రాసిన ముత్తాత ఉన్నాడు. ఉప్పు సత్యాగ్రహంలో లాఠీదెబ్బలు తిన్న చిన్నతాత ఉన్నాడు. పొలం కొన్నవాళ్ళు, పొలం అమ్ముకున్నవాళ్ళు, అమెరికా వెళ్ళినవాళ్ళు అందరూ ఉన్నారు. వంశవృక్షం కొమ్మ కొమ్మకీ పేర్లు. ఎనభై పేజీలు అయ్యాక నాకో అనుమానం తట్టింది. వెనక్కి తిప్పి చూశాను. మా నాయనమ్మ లేదు. "వారి ధర్మపత్ని" అని ఒక్కచోట ఉంది. అంతే.

"పెదనాన్నా, నాయనమ్మ గురించి రాయలేదేం?" అన్నాను.

"అమ్మ గురించా?" అని ఆయన నిజంగానే ఆలోచించాడు. "రాయడానికి ఆవిడ చేసిందేముందమ్మా? ఇంటిపట్టునే ఉండేది గదా!"

ఆయన దురుసుగా అనలేదు. వాళ్ళమ్మంటే ఆయనకి ప్రాణం. అయినా ఆవిడ గురించి రాయడానికి ఏమీ లేదని మనసారా నమ్మి అన్నాడు. అందుకే ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఏం జవాబు చెప్పాలో తోచక, శాలువా కప్పుకుని డాబా ఎక్కాను. జవాబు చిత్రంగా ఆకాశంలో దొరికింది. ఎలాగంటారా? చెబుతాను.

నేను చరిత్రతో బి.ఏ. చదివినదాన్ని. లెక్కలకీ నాకూ పదో తరగతిలోనే విడాకులు అయిపోయాయి. అయితే ఇప్పుడు రాస్తున్న నవలలో కథానాయిక కూతురు ఖగోళశాస్త్రం చదువుతుంది. ఆ పిల్ల చేత తెలివితక్కువ మాటలు మాట్లాడించకూడదు కదా అని ఆరు నెలలుగా ఆ పుస్తకాలు తిరగేస్తున్నాను. తిరగేస్తూంటే తెలిసింది, ఖగోళశాస్త్రం కూడా ఒక చరిత్రేనని. దూరాన్నుంచి వచ్చే వెలుగు మనల్ని చేరడానికి కాలం పడుతుంది గనక, ఎంత దూరం చూస్తే అంత పాతకాలాన్ని చూస్తామన్నమాట. విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. దానికి వంశచరిత్ర రాస్తున్నవాళ్ళు కూడా చాలాకాలం మా పెదనాన్న చేసిన పొరపాటే చేశారు!

ముందు ఆ "చేత్తో చూడడం" సంగతి. 1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ ఎండని గాజుపట్టకంలోంచి పంపి, ఇంద్రధనుస్సులా విడగొట్టి, ఒక్కొక్క రంగులో ఎంత వేడి ఉందో థర్మామీటర్లతో కొలిచాడు. ఎరుపు దాటి, కంటికి ఏ రంగూ కనిపించని చోట పెట్టిన థర్మామీటరులో వేడి ఇంకా ఎక్కువ చూపించింది! అక్కడా వెలుగుంది, మన కంటికే ఆనదు. దాన్నే ఇప్పుడు పరారుణ కాంతి అంటున్నాం. మా నాయనమ్మ అరచెయ్యి పట్టుకున్నది ఆ వెలుగునే.

ఈ హెర్షెల్‌గారికి కెరొలిన్ అని చెల్లెలుంది. ఇంటిపని చూసుకుంటూ, రాత్రిళ్ళు అన్నగారు దుర్భిణిలో చూసి చెప్పింది రాసుకుంటూ, తెల్లారి లెక్కలు కట్టేది. తను స్వయంగా ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టింది. 1787లో రాజుగారు ఆవిడకి ఏడాదికి 50 పౌన్లు జీతం ఏర్పాటు చేశారు. అంతటి మనిషిని కూడా "అన్నగారికి చేదోడు" అని ఒక్క మాటతో సరిపెట్టిన పుస్తకాలు కొల్లలు.

ఇక దుమ్ము సంగతికి వద్దాం. చల్లపల్లి వాళ్ళ దగ్గర దుమ్ముని పొగిడితే ఊరుకోరు. 2014 నుంచి తెల్లవారుజామునే చీపుళ్ళు పట్టుకుని వీధులు ఊడ్చే స్వచ్ఛంద కార్యకర్తలున్న ఊరది. కానీ ఆకాశంలో దుమ్ము వేరు. అది పుట్టేదే నక్షత్రాల్లోంచి. ముసలివై, పేలిపోయి, తమలో వండిన సరుకంతా వెదజల్లే నక్షత్రాల నుంచి, బొగ్గునుసి వంటివీ, ఇసుక వంటివీ అతి సన్నని రేణువులు పుడతాయి. చుక్కలకీ చుక్కలకీ మధ్య ఇలాంటి దుమ్ముందనీ, దూరపు నక్షత్రాల వెలుగుని అది మింగేస్తోందనీ 1930లో రాబర్ట్ ట్రంప్లర్ రుజువు చేశాడు. అప్పటిదాకా మనవాళ్ళు వేసుకున్న దూరాల లెక్కలు కొన్ని తలకిందులయ్యాయి.

కొత్త నక్షత్రాలు పుట్టేది సరిగ్గా ఈ దుమ్మూ వాయువూ దట్టంగా ఉన్న మబ్బుల్లోనే. పురిటిగదికి తలుపులు మూసినట్టు ఆ మబ్బు చుట్టూ కమ్ముకుని ఉంటుంది. లోపల పసినక్షత్రాలు నీలంగా, భగభగమని వెలుగుతాయి. ఆ వెలుగు బయటికి రాదు, దుమ్ము తాగేస్తుంది. అయితే తాగిన వెలుగు ఎక్కడికి పోతుంది? దుమ్ము వెచ్చబడుతుంది. వెచ్చబడడమంటే మన లెక్కలో కాదు లెండి, గడ్డకట్టే చలికి రెండువందల డిగ్రీలకు పైగా కింద. ఆ పాటి వెచ్చదనానికే అది పరారుణ కాంతిని వదులుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే దాలిగుంట! 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం పరారుణ కాంతిలో ఆకాశమంతా గాలించి, మామూలు దుర్భిణిలో మసకగా కనిపించే కొన్ని గెలాక్సీలు వేడిలో మాత్రం మహా ప్రకాశవంతంగా ఉన్నాయని తేల్చింది.

అవి కాస్త దగ్గరవి. మరి విశ్వం బాల్యం మాటేమిటి? ఇక్కడే అసలు కథ.

1995 డిసెంబరులో హబుల్ దుర్భిణి సప్తర్షి మండలం వైపు, సన్నసూది బెజ్జంలోంచి కనిపించేంత చోటుని, పది రోజులు రెప్ప వెయ్యకుండా చూసింది. ఖాళీ అనుకున్న ఆ చోట సుమారు 3,000 గెలాక్సీలు కనిపించాయి. ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. ఆ ఫోటో ముందు పెట్టుకుని, విశ్వంలో ఏ కాలంలో ఎన్ని నక్షత్రాలు పుట్టాయో లెక్కలు కట్టారు. వంశవృక్షం చక్కగా తయారైంది.

1998లో హవాయి దీవిలో మౌనా కియా కొండ మీద, స్కుబా అనే కెమెరాతో అదే చోటుని మళ్ళీ చూశారు. ఇది కంటి వెలుగుని చూసే కెమెరా కాదు, మిల్లీమీటరుకి కాస్త తక్కువ పొడవున్న అలల్ని పట్టేది. అయిదే అయిదు మచ్చలు దొరికాయి. వాటిలో అన్నిటికన్నా ప్రకాశమైన మచ్చ ఎక్కడుందో హబుల్ ఫోటో మీద వెతికారు. అక్కడ ఏమీ లేదు! మూడువేల గెలాక్సీల పటంలో, పాలపుంత కన్నా వందల రెట్లు జోరుగా నక్షత్రాల్ని కంటున్న ఆ ఒక్క గెలాక్సీ పేరే లేదు. దాని చుట్టూ అంత దట్టంగా దుమ్ము కమ్ముకుంది.

వేడి తెలుస్తోంది, ఊరు తెలియడం లేదు. ఎంత దూరాన ఉందో తెలియనిదే అది ఏ కాలానిదో ఎలా రాస్తారు? అందుకు కావలసినది చాకలి గుర్తు. ఆశ్చర్యపోకండి. వెనక చాకలివాళ్ళు బట్టల అంచున నల్లటి గుర్తులు వేసేవారు, ఏ ఇంటి బట్టో అది చూస్తే తెలిసిపోయేది. అలాగే ప్రతి మూలకమూ తన వెలుగులో కొన్ని గీతలు వేస్తుంది. వర్ణపటంలో ఆ గీతలు చూస్తే అది హైడ్రోజనో, సోడియమో చెప్పేయవచ్చు.

ఈ గీతలు చదివే విద్యలో ఒక ముఖ్యఘట్టం జరిగింది మన కృష్ణాతీరంలోనే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ బందరులో దిగాడు. సూర్యబింబం అంచున లేచే మంటల్ని వర్ణపటదర్శినితో పరీక్షిస్తే గీతలు మెరుస్తూ కనిపించాయి. అంత స్పష్టంగా ఉన్నవి గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అని జాన్సెన్ మర్నాడు చూశాడు. కనిపించాయి! అదే అక్టోబరులో ఇంగ్లండు నుంచి లాకియర్ కూడా అలాగే చూడగలిగాడు. అప్పట్లో బయటపడిన ఒక పసుపుపచ్చ గీత తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేలింది. దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద అది 1895లో గాని దొరకలేదు. గుంటూరుకీ బందరుకీ నడుమనున్న చల్లపల్లి కూడా ఆ పూట చీకట్లో మునిగే ఉంటుంది. మా ముత్తవ్వలు పట్టుస్నానాలూ, విడుపుస్నానాలూ చేసి, పొయ్యిలో పాత బూడిద ఎత్తిపోసి, కొత్తగా వంట మొదలుపెట్టి ఉంటారు. వాళ్ళు చూసిందేమిటో ఎవరూ రాసి పెట్టలేదు.

విశ్వం వ్యాకోచిస్తున్న కొద్దీ దారిలో ఉన్న వెలుగు కూడా సాగిపోతుంది. అంచేత దూరపు గెలాక్సీల గీతలన్నీ తమ చోటు నుంచి ఎరుపు వైపు జరిగి కనిపిస్తాయి. ఎంత జరిగితే అంత దూరం, అంత పాతకాలం. ఆ పేరులేని గెలాక్సీ గీతలు దొరకడానికి మరో పద్నాలుగేళ్ళు పట్టింది. 2012లో తేలింది, దాని వెలుగు సుమారు 1,250 కోట్ల సంవత్సరాల కిందట బయల్దేరిందని.

ఈ దూరపు దాలిగుంటల్లో ఇంకో విచిత్రం ఉంది. లోకంలో ఏ దీపమైనా దూరం పోయిన కొద్దీ మసకబారుతుంది. ఇవి అంతగా మసకబారవు. కారణమేమిటంటే, ఎంత దూరమైతే అంతగా వెలుగు సాగుతుంది గదా, వాటి వేడివెలుగులో జోరుగా ఉండే భాగం సాగి సాగి మన కెమెరాలకి అందే అలల్లోకి వచ్చి పడుతుంది. దూరం వల్ల పోయింది ఈ సాగడం వల్ల తిరిగొస్తుంది. లెక్క తెలియకపోయినా ఈ న్యాయం నాకు భలే నచ్చింది.

అయితే ఈ అలలకి గాలిలోని తేమే శత్రువు. జనవరిలో కూడా చీర ఆరని మన కృష్ణాజిల్లాలో పెడితే ఆ దుర్భిణులు ఎందుకూ పనికిరావు. అందుకని భూమ్మీద బాగా ఎండిపోయిన చోట్లు వెతుక్కుంటూ వెళ్ళారు. దక్షిణ ధ్రువం మీద మంచు ఎడారిలో పది మీటర్ల దుర్భిణి ఒకటుంది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో, అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున 66 డిష్షులు కలిసి పనిచేసే అల్మా 2013లో లాంఛనంగా ప్రారంభమైంది. ధ్రువం మీది దుర్భిణి ఆనవాలు పట్టిన మచ్చల్ని అల్మా నిదానించి చూస్తుంది. ఒక్కోసారి దారికి అడ్డంగా ఉన్న మరో గెలాక్సీ తన ఆకర్షణతో భూతద్దంలా పనిచేసి, వెనకున్నదాన్ని పెద్దగా చూపిస్తుంది. మా పెదనాన్న భూతద్దం కింద పేపరు పెట్టుకున్నట్టన్నమాట.

అలా దొరికిన వాటిలో ఒకదాని పేరు ఎస్‌పీటీ 0311-58. పేరు బస్సు నెంబరులా ఉన్నా మనిషి సామాన్యురాలు కాదు. నిజానికి ఇద్దరు, పక్కపక్కనే ఉన్న జంట గెలాక్సీలు. విశ్వానికి సుమారు 78 కోట్ల ఏళ్ళ వయసప్పటివి. నూరేళ్ళ మనిషిలో ఆరేళ్ళ పిల్ల అనుకోండి. మన పాలపుంత ఏడాదికి ఒకటి రెండు సూర్యుళ్ళంత బరువైన నక్షత్రాల్ని కంటుంటే, ఆ జంటలో పెద్దది సుమారు 2,900 సూర్యుళ్ళంత కంటోందట. 2021లో ఆ పెద్దదానిలో నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడు జాడలు కనిపెట్టారు. ఆ పరిశోధన నడిపిన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞురాలి పేరు దగ్గర నేను టక్కున ఆగిపోయాను. జరుగుల శ్రీవాణి! మన పక్కింటి పిల్ల పేరులా లేదూ? ఆ నీటి కబురు మనకి అందించింది కూడా దుమ్మే. దుమ్ము వదిలే వేడివెలుగు సోకి నీటి అణువులు మెరుస్తాయట. నీళ్ళ జాడ కోసం లోకంలోకెల్లా నీళ్ళు లేని చోటికి వెళ్ళి కూచోవలసి రావడం కూడా చమత్కారమే.

చివరికి తేలిందేమిటంటే, విశ్వంలో నక్షత్రాలు ఇన్నేళ్ళుగా విరజిమ్మిన వెలుగులో సుమారు సగం ఈ దుమ్ము మింగి, వేడిగా తిరిగి పంపినదే. సగం! కంటికి కనిపించినవాటినే లెక్కపెట్టి రాసిన చరిత్ర సగం చరిత్రే. ఆ సగాన్ని పట్టుకోవడానికి శాస్త్రజ్ఞులు పాత లెక్కల్ని తిట్టుకుంటూ కూచోలేదు. చూసే పద్ధతి మార్చారు.

డాబా మీద మంచు కురుస్తోంది. వీధిదీపం తప్ప ఒక్క చుక్కా కనిపించడం లేదు. ఎంతసేపు కూచున్నానో, మా పిన్ని పిలిస్తే గాని కిందికి దిగలేదు.

తెల్లారాక పెదనాన్న కాఫీ తాగుతుంటే పక్కన చేరాను. ఉపన్యాసం ఇవ్వలేదు. ఇచ్చినా ఎనభై ఆరేళ్ళ మనిషి వినడు.

"పెదనాన్నా, అప్పట్లో మనకి ఎన్ని గేదెలుండేవి?" అన్నాను.

"నాలుగు. ఒక్కోప్పుడు అయిదు."

"పాలు, నెయ్యి అమ్మేవారా?"

"అమ్మక? నెయ్యి వారం వారం బందరు వెళ్ళేది. అమ్మే కాచేది."

"మీరు బందరు కాలేజీలో చదివేటప్పుడు ఫీజు ఎవరు కట్టారు? ఆ రెండేళ్ళూ పంటలు పోయాయని రాశారుగా, ముప్ఫయ్యో పేజీలో."

ఆయన కాఫీగ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు మూసేసిన దాలిగుంట చోట బట్టలు ఉతికే మిషన్ ఉంది. దాని వైపే చూస్తున్నాడు.

"నెయ్యి డబ్బులే," అన్నాడు చివరికి. "తమ్ముడి ఫీజు కూడా. చెల్లెలి పెళ్ళికి గాజులు కూడా అవే... తెల్లారగట్ల నాలుగింటికి లేచేది. మేం లేచేసరికి దాలి రాజేసి ఉండేది. రాజేస్తుంటే నేనెప్పుడూ చూళ్ళేదే!"

నోటుపుస్తకం అడిగి తీసుకున్నాడు. భూతద్దం వెతుక్కున్నాడు. "వారి ధర్మపత్ని" అన్న చోట కొట్టేసి, వణికే అక్షరాలతో వాళ్ళమ్మ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు. రాసి, కలం ఎత్తి, నా వంక చూశాడు.

"తరవాతేం రాయమంటావు?"

"గేదెల దగ్గర్నుంచి మొదలుపెట్టండి" అన్నాను.